షేవింగ్ మిషన్‌కి ట్యాగు లేదు

ఏజెంట్ క్లెమ్ హారిగన్ ఇరవై మూడేళ్ల సర్వీసులో మూడుసార్లు విమానంలోంచి దూకాడు. అందులో ఒకసారి పారాచూట్ లేకుండా దూకాడు. కింద గొర్రెల మంద ఉండబట్టి బతికాడు. గొర్రెలకి కూడా ఏమీ కాలేదని అతనే చెబుతాడు. డార్విన్ ఊరి దగ్గర మొసలి మింగిన మైక్రోఫిల్ముని, మొసలికి తెలియకుండా, దాని నోట్లోంచి లాక్కొచ్చిన మనిషి. అలాంటివాణ్ణి ఫిబ్రవరి ఆఖరి బుధవారం పొద్దున, వాలరూ ఊరి చివర సముద్రం ఒడ్డున ఒక రేకుల షెడ్డు గేటు దగ్గర, ఒక ముసలాయన ఒంటి చేత్తో ఆపేశాడు. ఆ చేతిలో తుపాకీ కూడా లేదు. సగం తిన్న పేస్టీ, మాంసం కూరిన కజ్జికాయ లాంటిది, ఉంది.

దానికి ముందురోజు కాన్‌బెర్రాలో, కిటికీలు లేని గదిలో, గూఢచారి బ్యూరో చీఫ్ విల్మా ప్రెంటిస్ పని అప్పగించింది. ఆవిడ మాటలు పొదుపు.

"ఉప్పు," అంది.

క్లెమ్ అర్థం కానట్టు చూశాడు.

"ఉప్పుతో బ్యాటరీ. డాక్టర్ మెరిల్ పెంగెల్లీ. తొమ్మిదేళ్లు కష్టపడి తయారుచేసింది. పగటి ఎండని దాచుకుని రాత్రంతా ఒక ఊరికి కరెంటిస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, నిప్పంటుకోదు."

"అయితే ఇంకేం?"

"అందుకే దానికి నిప్పంటించాలని చూస్తున్నారు."

చూస్తున్నది నీలి గొడుగు ముఠా. ఏ దేశంలోనూ ఉండరు, ఏ దేశంలోనైనా ఉంటారు. మార్చి మూడో తారీఖు మంగళవారం మధ్యాహ్నం రెండింటికి, మంత్రి కళ్లముందు, వాలరూ ఊరంతా ఆ బ్యాటరీ మీద నడవాలి. ఆ సమయానికి బ్యాటరీ భగ్గుమంటే ఇక దాని పేరెత్తేవాడుండడు. ఆరునెలలు పోయాక ముఠావాళ్లు ఆ బూడిదలోంచి పెంగెల్లీ డిజైన్లు ఏరుకుని తమ పేరు పెట్టుకుంటారు.

పెంగెల్లీకి ఈ సంగతి చెప్పకూడదని చీఫ్ గట్టిగా చెప్పింది. చెబితే ఆవిడ పరీక్ష ఆపేస్తుంది. ఇప్పటికే మూడుసార్లు వాయిదా పడింది. నాలుగోసారి వాయిదా పడితే మంత్రి ఆ షెడ్డుకి తాళం వేయిస్తాడు. అంటే ముఠా అగ్గిపుల్ల గీయకుండానే గెలిచినట్టు.

"లోపల మన మనిషి ఒకరున్నారు," అని ఫోటో అందించింది చీఫ్. "వివియెన్ లసాల్. రెండేళ్లుగా ముఠాలో మన తరఫున నాటకమాడుతోంది. వాళ్లే ఆమెని ఆ షెడ్డులో పబ్లిసిటీ ఆఫీసరుగా పెట్టారు. గుర్తుమాట, జెట్టీ మీద పెలికన్‌లు ఎన్ని? జవాబు, ఆకలేసినన్ని."

క్లెమ్ ఫోటో చూశాడు. అవసరమైనదానికంటే కొంచెం ఎక్కువసేపే చూశాడు.

అలా బీమా కంపెనీ ఇన్‌స్పెక్టర్ వేషంలో బయల్దేరిన మనిషి వాలరూ గేటు దగ్గర ఇరుక్కుపోయాడు.

ఆపినాయన పేరు మెర్వ్ ట్రెలోర్. అరవై నాలుగేళ్లు. ఆ షెడ్డుకి ఎలక్ట్రీషియనూ ఆయనే, సేఫ్టీ ఆఫీసరూ ఆయనే. నాలుగు తరాల నుంచీ రాగి గనుల్లో పనిచేసిన కుటుంబం. ఆ కుటుంబంలో ఎవరూ ఎన్నడూ ఏ పనికీ తొందరపడలేదు, అందుకే అందరూ తొంభై దాటి బతికారు. మెర్వ్ బల్లమీద క్లెమ్ సామానంతా పరిచి పెట్టించాడు. మడమలో రేడియో ఉన్న బూట్లు చూసి, కాలివేళ్ల దగ్గర ఇనప తొడుగు లేదు కాబట్టి లాకర్లో పెట్టమన్నాడు. వెనకాల వచ్చేవాణ్ణి చూపించే కళ్లద్దాలకి సేఫ్టీ ముద్ర లేదన్నాడు. పొగబాంబు దాచిన లైటరుని బ్యాటరీ షెడ్డుకి పట్టుకొచ్చినందుకు క్లెమ్‌ని జాలిగా చూశాడు. చివరికి షేవింగ్ మిషన్ చేతిలోకి తీసుకున్నాడు.

అది మామూలు షేవింగ్ మిషన్ కాదు. దొంగతనంగా పెట్టిన పరికరం ఏదైనా పది గజాల్లో ఉంటే దాని చిన్న లైటు వెలుగుతుంది. బ్యూరో మొత్తం మీద అలాంటిది ఒక్కటే ఉంది.

"ట్యాగు లేదు తమ్ముడూ," అన్నాడు మెర్వ్.

ఆ షెడ్డులో ప్లగ్గున్న ప్రతిదానికీ మెర్వ్ పరీక్షించినట్టు ఒక రంగు ట్యాగు ఉండాలి. మూణ్ణెల్లకొక రంగు. డిసెంబరు నుంచి ఎరుపు, మార్చి నుంచి ఆకుపచ్చ, జూన్ నుంచి నీలం. అయితే ఒకటి అతికించమన్నాడు క్లెమ్. ఎర్ర రోల్ అయిపోయిందన్నాడు మెర్వ్. ఆకుపచ్చ రోల్ వచ్చింది గానీ మార్చి ఒకటి దాకా విప్పకూడదు. అప్పటిదాకా మిషన్ ఆయన ఇనప్పెట్టెలో ఉంటుంది. అది రాగి గని రోజుల్లో మందుగుండు దాచిన పెట్టె. గోడలు జానెడు మందం. తాళంచెవి మెర్వ్ జేబులో.

"భయపడకు. దానికి తోడు ఉందిలే," అన్నాడు మెర్వ్. "టీ కెటిల్ కూడా ఆగస్టు నుంచి అందులోనే ఉంది."

లోపలికి వెళ్లాలంటే ముందు సేఫ్టీ క్లాసు వినాలి. నాలుగు గంటల క్లాసు, చివర పరీక్ష. నిప్పంటుకుంటే ఏం చేస్తారన్న ప్రశ్నకి, లోపలికి పరిగెత్తుతానని రాశాడు క్లెమ్. ఇరవై మూడేళ్లుగా అతను చేస్తున్నది అదే మరి. ఫెయిలయ్యాడు. మర్నాడు మళ్లీ కూర్చున్నాడు. అదే నాలుగు గంటలు, అవే ఈగలు. ఈసారి, బయటికి నడిచి వెళ్తానని పళ్లు కొరుక్కుంటూ రాసి పాసయ్యాడు.

గురువారం సాయంత్రానికి గానీ వివియెన్ లసాల్ ఎదురుపడలేదు. ఆ షెడ్డులో అందరూ మెరిసే పసుపు జాకెట్టు వేసుకోవాల్సిందే. దాంట్లో మిగతావాళ్లు రోడ్డు మరమ్మతు మనుషుల్లా ఉంటే, ఆమె మాత్రం విందుకి బయల్దేరినట్టుంది.

"జెట్టీ మీద పెలికన్‌లు ఎన్ని?" అన్నాడు క్లెమ్.

"ఆకలేసినన్ని," అంది ఆమె. "కానీ మీరు నిలబడ్డది నేలమీద నడవడానికి గీసిన గీతకి అవతల. ఇటు రండి, మెర్వ్ చూస్తే మళ్లీ క్లాసు."

చాలా సాయం చేసింది. ఏ గదికి ఏ ఫారం నింపాలో, ఏ ఫారానికి ఎవరి సంతకం కావాలో ఆమెకి కంఠతా వచ్చు. నూట పన్నెండు పేజీల రూల్సు పుస్తకం ఆ షెడ్డులో మొదటినుంచి చివరిదాకా చదివిన మనిషి ఆమె ఒక్కతే. మెర్వ్ కూడా ముప్ఫయ్యో పేజీ దగ్గర ఆగిపోయాడని చెప్పుకునేవారు. ముఠా ఇంకా ఏమీ పెట్టలేదని, పెడితే తనకి ముందే తెలుస్తుందని ఆమె భరోసా ఇచ్చింది.

శనివారం మెర్వ్ పీతలు పట్టుకోవడానికి జెట్టీకి పోయాడు. బుధవారం వస్తానని బోర్డు మీద సుద్దతో రాశాడు. మంగళవారం మంత్రి వస్తున్నాడు కదా అని ఎవరో అడిగితే, మంత్రులు ఎప్పుడూ వస్తూనే ఉంటారని, నీలం పీతలు ఇంత బాగా ఈ నెలలోనే పడతాయని చెప్పి బండెక్కాడు.

క్లెమ్ ఆ ఇనప్పెట్టెని హెయిర్‌పిన్నుతో ప్రయత్నించాడు. స్టెతస్కోపుతో ప్రయత్నించాడు. ఆదివారం పొద్దున చర్చికి వెళ్లి కూడా ప్రయత్నించాడు. సోమవారానికి అతని గడ్డం ఆరురోజులది. మార్చి వచ్చేసినా షెడ్డులో ప్లగ్గులన్నిటికీ ఎర్ర ట్యాగులే వేలాడుతున్నాయి. రూలు ప్రకారం షెడ్డు మొత్తం ఆపేయాలి. ఆపమని చెప్పాల్సినాయన జెట్టీ మీదున్నాడు.

ఆ మధ్యాహ్నం కంట్రోల్ రూములో, బ్యాటరీ వేడిని కొలిచే కంప్యూటర్ వెనక, ఒక్క ప్లగ్గుకి మాత్రం ఆకుపచ్చ ట్యాగు కనిపించింది. మెర్వ్ సంతకం, మార్చి ఒకటో తారీఖు, అన్నీ ముత్యాల్లా ఉన్నాయి. క్లెమ్‌కి ఒళ్లు మండిపోయింది. ఆదివారం ఈ మనిషి ఇక్కడిదాకా వచ్చాడన్నమాట. ఒకే ఒక్క ట్యాగు వేసి పోయాడన్నమాట. ఆ చేత్తోనే తన మిషన్‌కి ఇంకొకటి అతికిస్తే ఏం పోయేది?

మెరిల్ పెంగెల్లీ బల్ల దగ్గర చల్లటి టీ తాగుతోంది. అరవై ఏళ్ల మనిషి. మోచేతుల దాకా ఉప్పు మరకలు. వేడి నీళ్లు ఇంట్లోంచి ఫ్లాస్కులో తెచ్చుకుంటుంది, తాగే వేళకి చల్లారిపోతాయి.

"బీమా ఆయనా, మీకేం, సంతకం పెట్టి పోతారు," అంది క్లెమ్‌తో. "నేను బ్యాటరీ మూడేళ్లలో చేశాను. మిగతా ఆరేళ్లు పర్మిషన్లకి పోయాయి. రేపొక్కరోజు ఇది నిలబడితే చాలు. రేపు కూడా కాకపోతే ఇక నా వల్ల కాదు. మా చెల్లెలి మేకల ఫారానికి పోతాను."

క్లెమ్ గొంతుదాకా వచ్చింది, చెప్పేద్దామని. చీఫ్ మొహం గుర్తొచ్చి మింగేశాడు.

మంగళవారం మంత్రి వచ్చాడు. ఆయన బూట్లకీ ఇనప తొడుగు లేదు. విజిటర్ల బూట్లలో ఎడమకాలికి తొమ్మిది, కుడికాలికి పదకొండు సైజు మాత్రమే మిగిలాయి. అవే తొడుక్కుని మర్యాదగా కుంటుతూ తిరిగాడు. ఒకటీ ముప్ఫైకి ఊరి కరెంటు మెయిన్ లైనుమీద నుంచి మెల్లిగా బ్యాటరీ మీదకి మారడం మొదలైంది. రెండింటికల్లా పూర్తి భారం దానిమీదే. ఒకటీ నలభైకి ఆఫీసు ఫోను మోగింది. మీ పిన్ని, అని మెరిల్ క్లెమ్‌కి అందించింది.

పిన్ని విల్మా ప్రెంటిస్. "నాన్నా, విను. గొడుగువాళ్ల మెసేజ్ ఇప్పుడే విప్పాం. అబద్ధాల డబ్బా పెట్టేశారు. ప్లగ్గు ఆకారంలో ఉంటుంది. బ్యాటరీ ఎంత ఉడికినా చల్లగా ఉందని కంప్యూటర్‌కి చెబుతుంది. రెండింటికి బ్యాటరీ పేలుతుంది. ఒంటికి స్వెట్టర్ వేసుకో."

క్లెమ్ ఫోను పెట్టేసి, బ్యూరో రహస్యాల చట్టాన్ని మనసులోనే చింపేసి, మెరిల్‌కి అంతా చెప్పాడు.

ఆవిడ తెరవైపు తిరిగింది. తెరమీద ముప్ఫై ఒకటి డిగ్రీలని ఉంది. వెళ్లి బ్యాటరీ పెట్టె మీద అరచెయ్యి ఆనించింది. వెంటనే తీసేసింది. రొట్టెల పొయ్యిలా ఉంది.

"పంపులు తిరగట్లేదు. చల్లగానే ఉందనుకుంటున్నాయి. ఎనభై రెండు దాటితే ఉప్పు కూడా మండుతుంది," అంది మెల్లిగా. "మొత్తం ఆర్పడానికి ఇరవై నిమిషాలు కావాలి. మనకి పదిహేనుంది. ఇక్కడ మూడువందల నలభై ప్లగ్గులున్నాయి. తప్పుది పీకితే పంపులకి కరెంటే పోతుంది. ఏది పీకుతారు?"

జవాబు చెప్పగలిగినది జానెడు మందం ఇనుము వెనక, కెటిల్ పక్కన పడుకుని ఉంది. వివియెన్ అప్పటికే మంత్రి మోచెయ్యి పట్టుకుంది. ఆయన్నీ మిగతావాళ్లనీ తను బయటికి తీసుకెళ్తానంది. అందర్నీ వరసగా, గీతల మధ్య నడిపించుకుంటూ తీసుకెళ్లింది. మెరిల్ కదల్లేదు. వెళ్లమని క్లెమ్ రెండుసార్లు చెప్పాడు. ఆవిడ వినిపించనట్టు పెట్టె పక్కనే స్టూలేసుకుని కూర్చుంది. తొమ్మిదేళ్లుగా కూర్చున్న స్టూలే అది.

క్లెమ్ పదేపదే ఫోన్ చేయగా, ఒకటీ యాభై రెండుకి జెట్టీ మీద మెర్వ్ ఎత్తాడు. వెనక సముద్రపు కాకుల గోల.

"తాళంచెవి ఎక్కడ?" అని అరిచాడు క్లెమ్.

"నా జేబులో. ఎందుకంత గాభరా? పొద్దున్నుంచీ పదకొండు పడ్డాయి తమ్ముడూ. గుడ్లున్నవి రెండు వదిలేశా."

"ఆదివారం వచ్చినప్పుడే నా మిషన్‌కి ఒక ట్యాగు తగలేసి ఉంటే ఇప్పుడీ గతి పట్టేది కాదు."

"ఆదివారమా? శనివారం నుంచీ నేనీ జెట్టీ దిగలేదు. కావాలంటే పెలికన్‌లని అడుగు."

క్లెమ్ అరవడం మానేశాడు. "మెర్వ్ గారూ. కంట్రోల్ రూములో ఒక ఆకుపచ్చ ట్యాగుంది. మీరు కాదా వేసింది?"

"ఆకుపచ్చ రోల్ కవరు కూడా విప్పలేదు నాయనా. ఇదిగో, బండి అద్దం ముందు ఎండకి కాగుతోంది. ఎవడి సంతకం ఉంది దానిమీద?"

"మీదే. తారీఖుతో సహా."

అవతల పీతల బకెట్టు కింద పెట్టిన చప్పుడైంది.

"తారీఖా?" అన్నాడు మెర్వ్ చాలా నొచ్చుకుని. "నేనెప్పుడన్నా తారీఖు వేశానా?"

క్లెమ్ ఫోను విసిరేసి పరిగెత్తాడు. పరిగెత్తకూడదని గోడమీద బోర్డుంది, దాన్ని కూడా ఢీకొట్టాడు. కంట్రోల్ రూము తలుపుకి కోడ్. కోడ్‌కి మూడు తప్పులైతే తాళం పడుతుంది. రెండు తప్పులు కొట్టాడు. మూడోసారి, బీమా కాగితాల్లో చూసిన మెరిల్ పుట్టినరోజు కొట్టాడు, తెరుచుకుంది. కంప్యూటర్ వెనక బోర్లాపడుకుని చెయ్యి చాచాడు. మూడువందల ముప్ఫై తొమ్మిది ఎర్ర ట్యాగుల మధ్య, ఒకే ఒక్క ఆకుపచ్చ ట్యాగు. ఆ షెడ్డు మొత్తం మీద రూలు ప్రకారం ఉన్న ప్లగ్గు అదొక్కటే.

పీకేశాడు.

తెరమీద అంకె ముప్ఫై ఒకటి నుంచి ఒక్క దూకులో ఎనభై ఒకటికి పోయింది. ఆ నిజం వినగానే పన్నెండు పంపులూ ఒకేసారి ఏనుగుల్లా ఘీంకరించాయి. ఎనభై ఒకటీ అర. ఎనభై ఒకటీ ముక్కాలు. అక్కడ ఆగింది. చాలాసేపు అక్కడే నిలబడి, మనసు మార్చుకుని, ఎనభైకి దిగింది. తర్వాత డెబ్బై ఆరు. మెరిల్ పెట్టె మీద మళ్లీ చెయ్యి ఆనించి, ఈసారి తియ్యలేదు.

బయట చెట్టుకింద మంత్రి గడియారం చూసుకున్నాడు. సరిగ్గా రెండు. ఊళ్లో లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. ప్రభుత్వ ప్రాజెక్టుల్లో టైముకి జరిగింది తన అనుభవంలో ఇదే మొదటిదని పక్కవాళ్లతో అన్నాడు. పక్కన వివియెన్ లేదు.

క్లెమ్ గేటు దగ్గర విజిటర్ల పుస్తకం తిరగేశాడు. ఆ పుస్తకంలో లోపలికి వచ్చినట్టు అందరూ రాస్తారు, బయటికి పోయినట్టు ఎవరూ రాయరు. పుస్తకం నమ్మితే రెండేళ్లుగా నాలుగువందల మంది ఆ షెడ్డులోనే కాపురం ఉన్నారు. ఆదివారం పేజీలో ఒకే ఒక్క పేరుంది. వి. లసాల్. లోపలికి పది అయిదు. బయటికి పది నలభై. కారణం, పరికరాల పని.

అంత కోపంలోనూ క్లెమ్ ఆ చేతిరాతని మెచ్చుకోకుండా ఉండలేకపోయాడు. తర్వాత జెట్టీకి పరిగెత్తాడు. గోధుమలు ఎత్తుకోవడానికి వచ్చి నాలుగురోజులుగా గోధుమలు ఎత్తుకోకుండా ఒక ఓడ దూరంగా నిలబడి ఉంది, అది వివియెన్‌ని ఎక్కించుకుపోవడానికని అప్పుడు అర్థమైంది.

జెట్టీ పక్క నీళ్లలో ఒక మోటారు బోటు ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతోంది. దాని ఫ్యానుకి ఆరు పీతల వలలు చుట్టుకున్నాయి. పైనుంచి మెర్వ్ నడుం మీద చేతులేసుకుని ఉపన్యాసం ఇస్తున్నాడు. కింద వివియెన్ లసాల్, ఒళ్లో మూడు నీలం పీతలతో, చిన్న తుపాకీతో కూర్చుని ఉంది. తుపాకీ పేల్చాల్సిన వేలు ఒక పీత కొండిలో ఉంది. లైఫ్ జాకెట్ బకిల్స్ మూడూ సరిగ్గా పెట్టుకుంది. ఆ రోజు ఆ జెట్టీ చుట్టుపక్కల అలా పెట్టుకున్న మనిషి ఇంకొకరు లేరు.

క్లెమ్‌ని చూసి ఆమె తుపాకీ వదిలేసింది. పీత వదల్లేదు.

"పుస్తకం మొత్తం రెండుసార్లు చదివాను క్లెమ్," అంది అలసిపోయిన గొంతుతో. "రంగు కరెక్టు. తారీఖు కరెక్టు. సంతకం అచ్చు గుద్దినట్టుంది. ఎక్కడ తప్పు చేశాను?"

"చదవడమే," అన్నాడు క్లెమ్.

మెర్వ్ పైనుంచి తల అడ్డంగా ఊపాడు. "చూడమ్మా, మార్చి ఒకటో తారీఖున ఆకుపచ్చ ట్యాగు ఈ దేశంలో ఎవరైనా వేస్తారా? ఆదివారం పూట?"

వారం తర్వాత షెడ్డులో చిన్న విందు చేశారు. మెరిల్ పేస్టీలు తెచ్చింది. బ్యాటరీ ఊరికి అన్ని రాత్రులూ కరెంటిచ్చింది. టీ మాత్రం చల్లగానే ఉంది. క్లెమ్ దగ్గర చీఫ్ పంపిన కాగితం ఉంది. అతని రిపోర్టు తిప్పి పంపారు, ఫారం పద్నాలుగు జతచేయలేదట. పైగా గడ్డం విషయం మందలింపు. అతను నేరుగా ఇనప్పెట్టె దగ్గరికి వెళ్లి, మెర్వ్ ముందు చెయ్యి చాచాడు. ఇప్పుడు మార్చి పది. ఆకుపచ్చ కాలం. ఇక ఏ అడ్డూ లేదు.

"ఇవ్వాలనే ఉంది తమ్ముడూ," అన్నాడు మెర్వ్ నిజమైన బాధతో. "కానీ ఆకుపచ్చ రోల్ సాక్ష్యమని మీ బ్యూరోవాళ్లే సీలేసి పట్టుకుపోయారు. అదిచ్చేదాకా ఇంకోటి ఇవ్వరట. జూన్‌లో నీలం వస్తుంది. అప్పుడు రా."

ఏజెంట్ క్లెమ్ హారిగన్ జూన్ దాకా గడ్డంతోనే తిరిగాడు. బ్యూరో రికార్డుల్లో దాన్ని మారువేషం అని రాసుకున్నారు.